పెరటి కోళ్లకు నీళ్లు: ఏ పాత్ర మంచిది, దాన్ని ఎలా శుభ్రంగా ఉంచాలి?

పెరట్లో పది కోళ్లు పెంచే ఇళ్లలో మేతకు ఒక లెక్క ఉంటుంది. నూకలు ఎన్ని, తవుడు ఎంత, సాయంత్రం గూటికి చేరేటప్పుడు ఏం చల్లాలి అన్నది ఇంటివాళ్లకు తెలుసు. నీళ్లకు మాత్రం చాలాచోట్ల అలాంటి లెక్క ఉండదు. పగిలిన కుండ పెంకులోనో, పాత టైరు ముక్కలోనో, అంట్లు తోమే చోట నిలిచిన మడుగులోనో తాగుతాయిలే అన్న ధీమాతో వదిలేస్తారు.

మే నెలలో పెట్టలు గుడ్లు మానేసినా, తొలకరి వానలకు పిల్లలు రక్తం పారి చనిపోయినా, టీకా వేసిన కోళ్లకే కొక్కెర తెగులు వచ్చినా కారణం వెతకాల్సిన చోట్లలో నీటి పాత్ర ఒకటి.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో 31.7 కోట్లు పెరట్లో పెరిగేవే. 2012తో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య 45 శాతానికి పైగా పెరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ అయినా, ఆంధ్ర అసీల్ అయినా, మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ అయినా, బంగ్లాదేశ్‌లో పెంచే సోనాలి అయినా నీటి విషయంలో పాటించాల్సిన నియమాలు ఒకటే.

కోడికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

మామూలు వాతావరణంలో కోడి తాను తిన్న మేత బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగుతుంది. రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తినే పెట్టకు 200 నుంచి 250 మిల్లీలీటర్ల నీరు అవసరం. ఎండలు ముదిరాక ఇది అర లీటరు వరకు పెరుగుతుంది.

దీనికి కారణం కోడి శరీర నిర్మాణంలోనే ఉంది. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. బయటి వేడి పెరిగితే నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంది. ఊపిరితో పాటు పోయే నీటి ఆవిరే దాని ఒంటిని చల్లబరుస్తుంది. అలా పోయిన నీటిని తిరిగి తాగి భర్తీ చేసుకోలేకపోతే వడదెబ్బ తగులుతుంది.

గుడ్డు బరువులో మూడింట రెండొంతులు నీరే. అందుకే నీళ్లు తగ్గితే ముందుగా గుడ్లు తగ్గుతాయి. ఒక్క రోజు పూర్తిగా నీళ్లు అందకపోయినా ఆ దెబ్బ నుంచి పెట్ట తేరుకోవడానికి చాలా రోజులు పట్టవచ్చు. నీళ్లు తాగకపోతే మేత కూడా తినదు.

ఈ లెక్కన 10 పెద్ద కోళ్లున్న ఇంట్లో మామూలు రోజుల్లో కనీసం రెండున్నర లీటర్లు, వేసవిలో 5 లీటర్ల నీరు అందుబాటులో ఉండాలి. ఒలికిపోయేది, పారబోసేది దీనికి అదనం.

పాత్రల్లో రకాలు

కోడి నీటిని పీల్చుకోలేదు. ముక్కుతో కాస్త అందుకుని, తల పైకెత్తి గొంతులోకి దించుకుంటుంది. పావురంలా ముక్కు ముంచి ఏకబిగిన తాగడం దానికి చేతకాదు. అందువల్ల పాత్ర లోతుగా ఉండనవసరం లేదు. ముక్కు మునిగేంత లోతులో, ఎప్పుడూ కొత్త నీరు ఉండటమే ముఖ్యం.

మూకుడు, బేసిన్: ఖర్చు లేనిది, దాదాపు ప్రతి ఇంట్లో దొరికేది. కడగడం తేలిక. అయితే కోళ్లు అందులోకి ఎక్కుతాయి, రెట్ట వేస్తాయి, కాళ్లతో గీరి మట్టి పోస్తాయి. తేలికైన గిన్నె అయితే బోర్లా పడుతుంది. దీన్నే వాడాలంటే బరువైన పాత్రను ఎంచుకుని రెండు ఇటుకల మీద పెట్టాలి. రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి.

బోర్లించే డ్రింకర్: మూత ఉన్న డబ్బాను పళ్లెం మీద తలకిందులు చేసినట్టుగా ఉంటుంది. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. పళ్లెంలో నీటి మట్టం ఆ రంధ్రం కంటే దిగగానే గాలి లోపలికి వెళ్లి కొంత నీరు బయటకు వస్తుంది. రంధ్రం మునిగితే ఆగిపోతుంది. పది, ఇరవై కోళ్లున్న ఇంటికి ఇదే అన్నిటికంటే అనువైనది. ఇంట్లోనూ చేసుకోవచ్చు. గాలి చొరబడని డబ్బాకు అంచు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున రంధ్రం పెట్టి, 4 నుంచి 5 సెంటీమీటర్ల అంచున్న పళ్లెంలో బోర్లించాలి. రంధ్రం పళ్లెం అంచు కంటే కిందే ఉండాలి. పైన ఉంటే నీళ్లన్నీ పొర్లిపోతాయి. డబ్బాకు ఎక్కడైనా సన్నని పగులు ఉన్నా నీరు ఆగదు. డ్రింకర్ పెట్టే చోటు సమతలంగా ఉండాలి.

గంట డ్రింకర్: గంట ఆకారంలో వేలాడదీసేది. పైన ఉన్న ట్యాంకు నుంచి గొట్టం ద్వారా నీరు వస్తుంది. యాభై, వంద కోళ్లు పెంచేవారికి పనికొస్తుంది. పళ్లెం తెరిచే ఉంటుంది కాబట్టి రోజూ కడగక తప్పదు.

నిపుల్ డ్రింకర్: కోడి ముక్కుతో పొడిచినప్పుడే చుక్కలు చుక్కలుగా నీరు వస్తుంది. నీటిలో రెట్ట పడే అవకాశం లేదు, నేల తడవదు. మూత ఉన్న బకెట్ అడుగున రెండు మూడు నిపుల్స్ బిగించి వేలాడదీస్తే సరిపోతుంది. 8 నుంచి 10 కోళ్లకు ఒకటి చొప్పున లెక్క వేసుకోవచ్చు. బకెట్ మూతకు చిన్న రంధ్రం పెట్టడం మరవకూడదు. గాలి లోపలికి వెళ్లకపోతే కాసేపటికి నీరు రావడం ఆగిపోతుంది. ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, నిపుల్ మూసుకుపోయినా బయటికి తెలియదు. బకెట్ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, కింద కోళ్లు దాహంతో ఉంటాయి. ప్రతి ఉదయం ఒక్కో నిపుల్‌ను వేలితో నొక్కి చూడాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇవి త్వరగా పట్టేస్తాయి. పళ్లెంలో తాగడం అలవాటైన కోళ్లకు నిపుల్ అలవాటయ్యే దాకా పాత పాత్రను తీసేయకూడదు.

ఏ రకం వాడినా ఒకటికి బదులు రెండు పాత్రలు, కాస్త దూరంగా పెట్టడం మంచిది. మందలో పెత్తనం చేసే కోడి ఒకటి ఉంటుంది. పాత్ర ఒక్కటే ఉంటే అది దగ్గర నిలబడి బక్కవాటిని తరిమేస్తుంది. కొత్తగా తెచ్చిన కోళ్లు, పిల్ల పెట్టలు ఇలాగే నీళ్లకు దూరమవుతాయి.

మట్టిదా, ప్లాస్టిక్‌దా, స్టీలుదా?

మట్టి పాత్రలో నీరు చల్లగా ఉంటుంది. పొడి గాలి వీచే తెలంగాణ, రాయలసీమ, మరాఠ్వాడా, రాజస్థాన్ ప్రాంతాల్లో ఈ ఉపయోగం బాగా తెలుస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో అంత చల్లదనం రాదు. మట్టి పాత్రకు సన్నని రంధ్రాలుంటాయి కనుక పాచి, క్రిములు లోపలికంటా పడతాయి. రెండు పాత్రలు ఉంచుకుని ఒకటి వాడుతుండగా రెండోదాన్ని కడిగి ఎండలో పెట్టాలి.

ప్లాస్టిక్ చౌక, తేలిక, తుప్పు పట్టదు. వెలుతురు లోపలికి వెళ్లే తెల్లని పలుచటి డబ్బాల్లో పచ్చని పాచి త్వరగా పడుతుంది. వెలుతురు దూరని మందపాటి ప్లాస్టిక్ మేలు. ఎండకు పెళుసెక్కి పగుళ్లు వచ్చిన పాత్రను మార్చేయాలి. ఆ పగుళ్లలో చేరిన మురికిని ఎంత తోమినా వదిలించలేం.

స్టీలు పాత్ర కడగడానికి అన్నిటికంటే తేలిక, ఎక్కువ కాలం మన్నుతుంది. ఎండలో పెడితే మాత్రం నీళ్లు కాగిపోతాయి. జింకు పూత పూసిన రేకు పాత్రల్లో మామూలు నీళ్లు పోయవచ్చు కానీ మజ్జిగ, నిమ్మరసం, వెనిగర్ కలిపిన నీళ్లు పోయకూడదు. పులుపుకు జింకు కరిగి నీటిలో కలుస్తుంది. అది కోళ్లకు విషం. రాగి, ఇత్తడి పాత్రలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. పురుగుమందు డబ్బాలు, కలుపు మందు క్యాన్లు, పెయింట్ బకెట్లు, యాసిడ్ సీసాలు ఎన్నిసార్లు కడిగినా కోళ్ల నీళ్లకు వాడకూడదు. మందు అవశేషాలు ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటాయి. కోడి చనిపోకపోయినా అవి గుడ్డులోకి, మాంసంలోకి చేరి ఇంటిల్లిపాదికీ అందే ప్రమాదం ఉంది.

ఎక్కడ పెట్టాలి? ఎంత ఎత్తులో?

పాత్ర అంచు కోడి వీపు మట్టానికి ఉండాలి. ఈ ఒక్క నియమంతో రెట్ట, మట్టి, గడ్డి పడటం చాలావరకు తగ్గుతుంది. కోడి ఎదిగేకొద్దీ ఒక్కో ఇటుక పెంచుకుంటూ పోవాలి. నిపుల్ అయితే కోడి మెడ కాస్త చాచి అందుకునేంత ఎత్తులో ఉండాలి.

రోజంతా నీడ ఉండే చోటునే ఎంచుకోవాలి. పొద్దున నీడగా ఉన్న గోడవారకు మధ్యాహ్నం ఎండ రావచ్చు. నీళ్లు వేడెక్కితే దాహం ఉన్నా కోళ్లు సరిగా తాగవు. అదే సమయంలో వాటికి నీరు ఎక్కువ అవసరం. రాత్రి కోళ్లు వాలే కర్ర కింద పాత్ర పెట్టకూడదు, తెల్లారేసరికి రెట్టతో నిండిపోతుంది.

ఒలికిన నీటికి దారి చూపాలి. పాత్ర కింద గులకరాళ్లు గానీ ఇసుక గానీ పరిచి, దానిపై ఇటుకలు పెడితే బురద కాదు. గూటిలో పరిచిన వరి ఊక తడిస్తే అమ్మోనియా ఘాటు పుట్టి కోళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పిల్లల్లో రక్తపారుడు కలిగించే కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చదనం ఉన్నచోట ఒకటి రెండు రోజుల్లోనే వ్యాధి కలిగించే స్థితికి వస్తాయి. క్లోరిన్‌కు ఇవి చావవు. నేల పొడిగా ఉంచడం, నీళ్లలో రెట్ట పడకుండా చూడటమే దీనికి విరుగుడు.

పిల్లల సంగతి వేరు

గుడ్డులోంచి వచ్చిన పిల్ల శరీరంలో నాలుగింట మూడొంతులకు పైగా నీరే. కొని తెచ్చిన పిల్లలకు మేత కంటే ముందు నీళ్లు చూపించాలి. ఒక్కోదాని ముక్కును మెల్లగా నీళ్లలో ముంచి వదిలితే తాగడం నేర్చుకుంటుంది. దూరం నుంచి తెచ్చినవైతే మొదటి కొన్ని గంటలు కొద్దిగా బెల్లం లేదా గ్లూకోజు కలిపిన నీళ్లు ఇవ్వడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. తీపి నీళ్లలో క్రిములు త్వరగా పెరుగుతాయి కనుక ఆ నీటిని అలాగే వదిలేయకుండా పాత్రను కడిగి మామూలు నీళ్లు పోయాలి.

పిల్లలు లోతు తక్కువున్న గిన్నెలో కూడా మునిగి చనిపోతాయి. తడిసిన పిల్ల చలికి ముడుచుకుపోతుంది. అందుకే పళ్లెంలో శుభ్రమైన గులకరాళ్లు గానీ గోలీలు గానీ వేసి, వాటి సందుల్లోంచి తాగేలా చేయాలి. 50 పిల్లలకు రెండు లీటర్ల డ్రింకర్ ఒకటైనా ఉండాలి, రెండుంటే ఇంకా మంచిది. మరీ చల్లని నీళ్లు పోయకూడదు. తల్లికోడితో తిరిగే పిల్లలకు కూడా లోతు తక్కువున్న పళ్లెం ఒకటి విడిగా పెట్టాలి.

కడగడం: రోజూ, వారానికోసారి

పాత్ర లోపలి గోడను వేలితో రాస్తే జారుడుగా తగిలే పొర ఒకటి ఉంటుంది. అది క్రిములు కట్టుకున్న గూడు. ఆ పొర ఉండగా మంచి నీళ్లు పోసినా, మందు కలిపినా ప్రయోజనం తక్కువ. ఊరికే నీళ్లు పోసి తొలిపితే అది వదలదు. కొబ్బరి పీచుతోనో బ్రష్‌తోనో రుద్దాల్సిందే.

ప్రతిరోజూ ఉదయం మిగిలిన నీటిని పారబోయాలి. ఉన్న నీళ్లలోనే కొత్త నీళ్లు కలపకూడదు. పళ్లెం రుద్ది, కడిగి, మళ్లీ నింపాలి. కోళ్ల పాత్రలు తోమే పీచు, ఇంటి అంట్లు తోమే పీచు వేర్వేరుగా ఉండాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వారానికి ఒకసారి పాత్రను విడదీసి సబ్బుతో తోమాలి. తర్వాత క్లోరిన్ నీళ్లలో నానబెట్టాలి. బజార్లో దొరికే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణమైతే లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు చాలు. 10 నిమిషాలు నాననిచ్చి, వాసన పోయేదాకా కడిగి, ఎండలో బాగా ఆరనివ్వాలి. ముందు తోమకుండా క్లోరిన్ పోస్తే మురికితోనే దాని బలం తీరిపోతుంది. సున్నం గార పట్టిన ప్లాస్టిక్ పాత్రలకు వెనిగర్ లేదా చింతపండు పులుసు రాసి అరగంట ఉంచితే వదులుతుంది. వెనిగర్ గానీ, టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ గానీ బ్లీచింగ్‌తో కలపకూడదు. కలిపితే విషవాయువు వస్తుంది.

వారానికోసారి పాత్రను పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టడం ఇంటి మనుషులకూ మేలు చేస్తుంది. డెంగీ దోమ గుడ్డు దశ నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కోళ్లకు మశూచిని ఒకదాని నుంచి మరోదానికి చేర్చేదీ దోమలే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్య సిబ్బంది చెప్పే శుక్రవారం ‘డ్రై డే’లో ఇంటి తొట్లు, కూలర్లతో పాటు కోళ్ల పాత్రను కూడా చేర్చితే ఒక్క పనితో రెండు ప్రయోజనాలు.

తాగే నీటిలో క్లోరిన్ ఎంత?

బావి, చెరువు, కాలువ నీరు వాడేవారు క్లోరిన్ కలపడం మంచిది. 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 10 గ్రాములను లీటరు నీటిలో కలిపి, తేరనివ్వాలి. పైన తేరిన ద్రావణాన్ని లీటరు తాగునీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, అరగంట ఆగి కోళ్లకు పోయాలి. దీనివల్ల లీటరుకు 3 మిల్లీగ్రాముల క్లోరిన్ కలుస్తుంది. తెరిచి ఉంచిన పౌడర్ బలం త్వరగా తగ్గుతుంది కాబట్టి గాలి చొరబడని డబ్బాలో దాచాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు తేర్చి, వడకట్టాలి. మనుషులు తాగడానికి వెనుకాడే నీటిని కోళ్లకూ పోయకపోవడం సులువైన కొలమానం.

టీకా రోజున లెక్క మారుతుంది

కొక్కెర తెగులుకు రాణిఖేత్ వ్యాధి అని పేరు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పేరు మీదే అది స్థిరపడింది. టీకా వేయని పెరటి కోళ్ల మందను రోజుల్లో ఊడ్చిపెట్టేసే వ్యాధి ఇది. లసోటా వంటి టీకాల్లో బతికున్న వైరస్ ఉంటుంది. క్లోరిన్ ఆ వైరస్‌ను చంపేస్తుంది. క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో టీకా కలిపి తాగిస్తే ఆ ఊళ్లో టీకా వేసినట్టు లెక్క ఉంటుంది, కోళ్లకు రక్షణ మాత్రం ఉండదు.

కొద్ది కోళ్లే ఉంటే కంట్లో చుక్క వేయించడం మేలు. నీటి ద్వారా ఇవ్వాల్సి వస్తే ముందు రోజు నుంచే క్లోరిన్, ఇతర మందులు ఆపేయాలి. పాత్రలను సబ్బు, బ్లీచింగ్ లేకుండా మంచి నీళ్లతో రుద్ది కడగాలి. ఇనుప, రేకు పాత్రలు కాకుండా ప్లాస్టిక్‌వి వాడాలి. చల్లని నీటిలో లీటరుకు సుమారు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, కాసేపటికి టీకా కలపాలి. అంతకుముందు గంట, రెండు గంటలు కోళ్లకు నీళ్లు తీసేస్తే టీకా నీటిని వెంటనే తాగుతాయి. వేసవిలో ఈ పని తెల్లవారుజామునే పూర్తి చేయాలి. గంట, రెండు గంటల్లో తాగేసేంత నీటిలోనే టీకా కలపాలి. మిగిలితే లాభం లేదు.

కాలాన్ని బట్టి జాగ్రత్తలు

ఎండాకాలంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చల్లని నీళ్లు మార్చాలి. డాబా మీది నల్ల ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే వేడి నీళ్లు పట్టి పోయకూడదు. డ్రింకర్ చుట్టూ తడి గోనెపట్టా చుట్టవచ్చు. పొదుగుతున్న పెట్ట గూడు దిగడానికి ఇష్టపడదు, దానికి అందేంత దగ్గరలో చిన్న గిన్నె పెట్టాలి.

వానాకాలంలో పెరడంతా మడుగులే. కోళ్లకు దగ్గర్లో శుభ్రమైన పాత్ర ఉంటే మడుగు జోలికి వెళ్లడం తగ్గుతుంది. గుంటలను మట్టితో పూడ్చాలి. కశ్మీర్, హిమాచల్, నేపాల్ కొండల్లో చలికాలపు సమస్య వేరు. అక్కడ రాత్రి పాత్రను ఖాళీ చేసి ఇంట్లో పెట్టి, పొద్దున గోరువెచ్చని నీళ్లు పోస్తే గడ్డకట్టిన పళ్లెం పగలకుండా ఉంటుంది.

అడవి పక్షులతో, బాతులతో ముప్పు

భారత్‌లో బర్డ్ ఫ్లూ తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోవడానికీ ఈ వైరస్సే కారణమని తేలింది. నీటి పక్షుల రెట్ట ద్వారా ఈ వైరస్ నీటిలో చేరి చాలా రోజులు బతకగలదు. బాతులు పైకి ఆరోగ్యంగా ఉంటూనే వైరస్‌ను మోయగలవు.

అందుకే కోళ్ల నీటి పాత్రను కప్పు కింద పెట్టాలి. కొంగలు, కాకులు, వలస పక్షులు వాలే చెరువు నీటిని నేరుగా పోయకూడదు. పశ్చిమ బెంగాల్, అస్సాం, కేరళ, బంగ్లాదేశ్‌లలో బాతులు, కోళ్లను కలిపి పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. బాతు తల ముంచి కడుక్కుంటుంది, నిమిషాల్లో నీటిని బురద చేస్తుంది. వాటికి వేరే పాత్ర, వేరే చోటు ఉండాలి. కోళ్లు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చనిపోతే వాటిని చేతులతో తాకకుండా, అమ్మకుండా వెంటనే పశువైద్యుడికి తెలపాలి.

నీళ్లలో కలిపే మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. దుకాణదారు ఇచ్చిన యాంటీబయాటిక్ పొడిని ముందుజాగ్రత్త పేరుతో కలపకూడదు. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జంతువులు, పక్షులకు వాడకుండా కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. పశువైద్యుడు రాసిన మందునే, చెప్పినన్ని రోజులే వాడాలి. ఆ రోజుల్లో గుడ్లు తినవచ్చో లేదో కూడా అడగాలి.

పాత్రే చెప్పే సంకేతం

రోజూ ఒకే కొలతతో నీళ్లు పోసే ఇంట్లో సాయంత్రానికి ఎంత మిగిలిందో చూస్తే చాలు, మంద పరిస్థితి కొంత తెలుస్తుంది. జబ్బు పడిన కోడి ముక్కు వేలాడేసి కూర్చోక ముందే నీళ్లు తాగడం తగ్గిస్తుంది. ఎండ పెరగకుండానే తాగడం బాగా పెరిగితే జ్వరమో, మేతలో ఉప్పు ఎక్కువవడమో, పాత్రకు పగులో కారణం కావచ్చు. నిన్న ఐదు చెంబులు తాగిన కోళ్లు ఇవాళ మూడే తాగాయంటే, ముందు డ్రింకర్ సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. అది బాగానే ఉంటే, ఇక ఒక్కో కోడినీ పట్టి చూడాల్సిన సమయం వచ్చినట్టే.